అన్ని గోడల మీదా తోరణమే, మరి వాడ కథ ఎక్కడ?

క్లుప్తంగా: గత పదేళ్ళలో వరంగల్, హనుమకొండ, కాజీపేట గోడల మీద బొమ్మలు బాగా పెరిగాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది కాకతీయ రాజధాని చరిత్ర. గోడ ఏ వాడలో ఉందో ఆ వాడ చరిత్ర మాత్రం అరుదు. చిత్రకారులకు చేతకాక ఇలా జరగడం లేదు. పని అప్పగించే తీరు, డబ్బు లెక్కగట్టే తీరు, వివాదం వస్తుందన్న భయం, ఈ మూడూ కలిసి అన్ని గోడలనూ ఒకే బొమ్మ వైపు నెడుతున్నాయి. తమ కథను తామే గీయించుకోవడం ఈ ప్రాంతానికి తెలియని పని కూడా కాదు. కథ చెప్పడానికి గుడ్డ మీద గీసే చేర్యాల పటం తరతరాలుగా చేసింది అదే.

వరంగల్ నుంచి హనుమకొండ మీదుగా కాజీపేట దాకా మెయిన్ రోడ్డు వెంట వెళ్తే ఆఫీసుల ప్రహరీల మీద, కాలేజీ గోడల మీద కాకతీయ కళాతోరణం, రామప్ప గుడి, బతుకమ్మ ఎత్తుకున్న ఆడవాళ్ళు, మేడారం గద్దెలు కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటాయి, ఊరి మీద గౌరవమూ కలుగుతుంది. అయితే మట్టెవాడ గోడ మీది బొమ్మను తీసుకెళ్ళి కాజీపేటలో పెట్టినా తేడా తెలియదు. స్థానిక చరిత్ర, స్థానిక గుర్తింపు అన్న పేరుతో మొదలయ్యే పని చివరికి ఎక్కడైనా సరిపోయే బొమ్మగా ఎందుకు తేలుతోంది?

నినాదాల గోడ నుంచి బొమ్మల గోడ దాకా

వరంగల్‌లో గోడలు ఎప్పుడూ ఊరికే లేవు. 1969 తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాతి విద్యార్థి రాజకీయాలు, మలిదశ ఉద్యమం, అన్నీ గోడల మీదే మాట్లాడాయి. జాజు, సున్నం, ఒక కుంచె ఉంటే చాలు, రాత్రికి రాత్రి నినాదం వెలిసేది. ఆ రాతలకు, సినిమా పోస్టర్లకు, ప్రకటనలకు అడ్డుకట్ట వేయడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే బహిరంగ ప్రదేశాల వికృతీకరణ నిరోధక చట్టం వచ్చింది. చట్టం వచ్చినా పోస్టర్లు ఆగలేదు, గోడల పక్కన మూత్ర విసర్జన అసలే ఆగలేదు. బొమ్మ ఉన్న గోడను జనం పాడు చేయడానికి కొంత వెనకాడతారన్న అనుభవంతో మున్సిపాలిటీలు రంగుల వైపు తిరిగాయి. అంటే చాలా గోడల మీద బొమ్మ మొదట కాపలాకు వచ్చింది. చరిత్ర దాని వెనకాల వచ్చింది.

ఆ తర్వాత పథకాలు తోడయ్యాయి. వారసత్వ నగరాల కోసం కేంద్రం 2015 జనవరిలో మొదలుపెట్టిన హృదయ్ పథకంలో దేశం మొత్తం మీద 12 నగరాలే ఉండగా వాటిలో వరంగల్ ఒకటి. 2016 మేలో స్మార్ట్ సిటీ జాబితాలోకీ వచ్చింది. 2016లోనే మొదలైన స్వచ్ఛ సర్వేక్షణ్ అనే పరిశుభ్రత పోటీ నగరాలను ఏటా ర్యాంకుల వెంట పరుగెత్తించింది. గోడలకు రంగులు వేయడం తక్కువ ఖర్చుతో, తక్కువ రోజుల్లో, అందరి కంటికీ కనిపించే పని. సర్వే బృందం వచ్చేలోపు పూర్తయ్యే పని కూడా. రోడ్డు వేయాలన్నా మోరీ కట్టాలన్నా అది కుదరదు.

చదరపు అడుగు లెక్కతో వచ్చే చిక్కు

ఇలాంటి పనులకు డబ్బు సాధారణంగా చదరపు అడుగు లెక్కన కడతారు. ఆఫీసు వైపు నుంచి చూస్తే ఇది న్యాయమైన పద్ధతే. టేపు పెట్టి కొలవవచ్చు, బిల్లు పాస్ చేయవచ్చు, ఆడిట్‌లో అడిగితే చూపించవచ్చు. కానీ ఆ లెక్కలో కొన్ని పనులకు చోటే లేదు. వాడలో నలుగురు పెద్దమనుషులతో కూర్చుని పాత సంగతులు అడగడం, ఇళ్ళలో ఉన్న పాత ఫొటోలు సేకరించడం, గీసిన నమూనాను అందరికీ చూపించి మార్పులు చేయడం, ఇవేవీ చదరపు అడుగుల్లోకి రావు. పది రోజులు వాడలో తిరిగి ఒక గోడ గీసినవారికీ, ఫోన్‌లో ఉన్న తోరణం బొమ్మ చూసి రెండు రోజుల్లో గోడ నింపినవారికీ అదే రేటు. పెయింటర్‌కు ఇల్లు గడవాలి, కాబట్టి రెండో దారే గిట్టుబాటవుతుంది. ఇందులో అతని తప్పు వెతకడం అన్యాయం.

రెండో కారణం భయం. ఏ బొమ్మ వేస్తే గొడవ రాదు అన్నది పని అప్పగించేవారి మనసులో ఎప్పుడూ ఉండే ప్రశ్న. 1163 నాటి వేయిస్తంభాల గుడి మీద గానీ, 1213లో కట్టి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన రామప్ప మీద గానీ ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి సంగతి కాబట్టి ఇవాళ ఎవరి వాటానూ అది తగ్గించదు. వాడ చరిత్ర అలా ఉండదు. అందులో మూతపడిన మిల్లు ఉంటుంది, సమ్మె ఉంటుంది, ఒక కులం పేరు ఉంటుంది, ఒక మతం పండుగ ఉంటుంది, కాల్పుల్లో చనిపోయినవారు ఉంటారు. అవి గీయాలంటే ముందు మాట్లాడుకోవాలి. మాట్లాడుకోవడానికి టైమ్ లేనప్పుడు తోరణమే దిక్కవుతుంది.

నిజానికి తోరణం కూడా అంత నిరపాయమైన గుర్తేమీ కాదు. 2024లో రాష్ట్ర చిహ్నాన్ని మార్చాలన్న ఆలోచన వచ్చి, కొత్త చిహ్నంలో కళాతోరణం ఉండదన్న మాట బయటికి రాగానే వరంగల్‌లో నిరసనలు మొదలయ్యాయి. ఆ మార్పు వాయిదా పడింది. ఒక గుర్తు జనానిదైతే దాని కోసం జనం వీధిలోకి వస్తారని ఆ సందర్భం చూపించింది. వాడల గుర్తులకు ఆ బలం ఇంకా రాలేదు, ఎందుకంటే అవి కంటికి కనిపించడమే లేదు.

ఏ వాడలో ఏముంది

కొత్తవాడ సంగతి చూడండి. వరంగల్ జంపఖానాలకు పేరు తెచ్చిన నేతకారుల వాడ అది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా వెళ్ళిన పేరు వరంగల్ తివాచీలది. జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడి గోడ మీద గీయడానికి ఎక్కడో వెతకాల్సిన పని లేదు. గుంట మగ్గం, కండెలు చుట్టే ఇంటి ఆడవాళ్ళు, రంగు అద్ది ఆరవేసిన నూలు చిలపలు, అడ్డం చారల మధ్య మెట్లు మెట్లుగా పేర్చిన డిజైన్లు ఉన్నాయి. జంపఖానా డిజైన్ అంటేనే గీతలు, కోణాలు, నిండు రంగులు. పెద్ద గోడకు అది ఇట్టే అతుకుతుంది. నేసేవారే కొలతలు చెబితే, ఏ పోగు ఏ రంగు అన్నది చెబితే, గోడంతా ఒక జంపఖానాగా మారుతుంది. అటుగా వెళ్ళే కొనుగోలుదారుకు ఇది ఏ వాడో బోర్డు లేకుండానే తెలుస్తుంది. చేనేత నుంచి పక్కకు జరిగిపోతున్న కుటుంబాల పిల్లలకు ఇంట్లో పని వీధి గోడకు ఎక్కడం చిన్న విషయం కాదు.

ఆజంజాహి మిల్లు కథ ఇంకా పెద్దది. నిజాం కాలంలో, 1934లో మొదలైన ఆ మిల్లు వరంగల్‌ను కార్మికుల ఊరుగా మార్చింది. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు షిఫ్టుల లెక్కన బతకడం నేర్చుకున్నారు, మిల్లు చుట్టూ బస్తీలు లేచాయి, యూనియన్లు పుట్టాయి. 2000ల మొదట్లో మిల్లు మూతపడింది, తర్వాత ఆ స్థలం చేతులు మారింది. 2017లో గీసుగొండ, సంగెం మండలాల్లో మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు ఆజంజాహి పేరు మళ్ళీ వినిపించింది. మిల్లు గేటు, షిఫ్టు దిగి సైకిళ్ళ మీద ఇంటికి పోయే జనం, జీతాల రోజు అంగడి, వీటిని ఒక గోడ మీదికి తెస్తే అది ఆ ప్రాంతానికి తప్ప మరే ప్రాంతానికీ సరిపోదు. బాధ కూడా అందులో ఉంటుంది. మిల్లు మూతపడ్డ సంగతి లేకుండా మిల్లు బొమ్మ వేస్తే పాత కార్మికులు దాన్ని తమదని ఒప్పుకోరు.

మిగతా వాడలకూ వేటి సంగతి వాటికి ఉంది. కాజీపేట అంటే రైల్వే జంక్షన్, దర్గా, ఫాతిమా కేథడ్రల్, రైల్వే క్వార్టర్లు. ఉర్సు, కరీమాబాద్‌లకు రంగలీల మైదానం, దసరా. ఎనుమాముల మార్కెట్ అంటే మిర్చి బస్తాల వరసలు, ఘాటుకు వచ్చే తుమ్ములు, ఇటీవలే భౌగోళిక గుర్తింపు పొందిన చపాట మిర్చి. ఖిలా వరంగల్ వాసులది మరీ ప్రత్యేకం. వాళ్ళు కోట పక్కన కాకుండా కోట లోపలే కాపురముంటున్నారు.

పటం ఎలా పనిచేసింది

తమ కథను బొమ్మగా గీయించుకోవడం ఈ ప్రాంతంలో బయటి నుంచి నేర్చుకోవాల్సిన విద్య కాదు. ఒకప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీలనే చిత్రకారుల కుటుంబాలు గీసిన పటాలు అచ్చంగా ఇందుకోసమే పుట్టాయి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేవారు. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు డక్కలివారు. ఎవరి కథ వారిది, ఎవరి పటం వారిది. పదుల అడుగుల పొడవున్న గుడ్డను కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కో గడిని కర్రతో చూపిస్తూ రాత్రంతా కథ నడిచేది.

ఆ పద్ధతిలో ఇవాళ్టి గోడలకు పనికొచ్చే సంగతులు మూడు కనిపిస్తాయి. పటం గీయించేవారు, కథ వినేవారు ఒకే సమాజానికి కట్టుబడి ఉండేవారు, కాబట్టి తప్పు గీస్తే అక్కడికక్కడే తెలిసిపోయేది. బొమ్మకు తోడు చెప్పేవాడు ఉండేవాడు, బొమ్మ ఒక్కటే మొత్తం భారం మోయలేదు. పాతబడ్డ పటాన్ని సంస్కారం చేసి నీళ్ళలో కలిపి కొత్తది గీయించుకునే ఆచారమూ ఉండేది. అంటే బొమ్మ శాశ్వతమని ఎవరూ అనుకోలేదు, మళ్ళీ గీయాల్సిన రోజు వస్తుందని ముందే తెలుసు. ఇప్పటి గోడ బొమ్మల ప్రాజెక్టుల్లో లోపిస్తున్నవి సరిగ్గా ఈ మూడే.

పటం తయారీ కూడా గమనించాలి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, బంక కలిపి పూత మీద పూత వేసి ఆరబెడతారు. ఆ తర్వాతే ఎర్రటి నేపథ్యం, దాని మీద బొమ్మలు. పునాది పూత సరిగ్గా లేకపోతే రంగు నిలవదని నకాషీ కుటుంబంలో పిల్లలకు కూడా తెలుసు. చేర్యాల శైలి అని చెప్పి ఎర్ర రంగు మీద పెద్ద కళ్ళ బొమ్మలు గోడకు వేయడం ఇప్పుడు మామూలైంది. శైలి వచ్చింది, దాని వెనకున్న పద్ధతి రాలేదు.

వేరే చోట్ల ఏం జరిగింది

ఢిల్లీలోని లోధీ కాలనీ దేశంలో తొలి పబ్లిక్ ఆర్ట్ డిస్ట్రిక్ట్‌గా పేరు పొందింది. అక్కడి సౌలభ్యం ఏమిటంటే, కట్టడాలన్నీ ప్రభుత్వ క్వార్టర్లే. ఒకే రకం గోడలు, ఒకే యజమాని. వరంగల్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒకే వీధిలో రైల్వే గోడ, బడి గోడ, గుడి ప్రహరీ, ప్రైవేటు ఇల్లు వరసగా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో అనుమతి కావాలి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కనున్న మక్తాలో 2016 తర్వాత ఇళ్ళ గోడలే కాన్వాసులయ్యాయి. ఇక్కడి పాత వాడలకు పోలిక కుదిరేది లోధీ కంటే మక్తాతోనే, ఎందుకంటే అది జనం కాపురముంటున్న ఇరుకు బస్తీ.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది అమెరికాలోని ఫిలడెల్ఫియా. అక్కడ 1984లో గోడలు పాడుచేసే కుర్రాళ్ళను దారిలో పెట్టడానికి మొదలైన కార్యక్రమం నాలుగు వేలకు పైగా గోడ బొమ్మలుగా పెరిగింది. కుర్రాళ్ళను తరిమేయకుండా వాళ్ళ చేతికే కుంచెలిచ్చారు. బొమ్మకు ముందు వాడవాళ్ళతో సమావేశాలు పెట్టడం పనిలో భాగం చేశారు. పని జరిగే తీరులో ఇంకో సంగతి ఉంది. అక్కడ చాలా బొమ్మలను నేరుగా గోడ మీద వేయరు. పారాచూట్ క్లాత్ అని పిలిచే పల్చటి గుడ్డను ముక్కలుగా పంచి, బొమ్మకు నంబర్లు వేసి, బళ్ళలో, కమ్యూనిటీ హాళ్ళలో జనం చేత రంగులు వేయిస్తారు. తర్వాత ఆ ముక్కలను గోడకు అతికిస్తారు. ఎత్తు ఎక్కలేని ముసలివాళ్ళు, ఎండలో నిలబడలేనివాళ్ళు, పిల్లలు అందరూ చేయి వేయగలుగుతారు. గుడ్డ మీద బొమ్మ గీయడంలో తరాల అనుభవమున్న చేర్యాల పక్కనే ఉండగా, మే నెల ఎండలు మండిపోయే వరంగల్‌కు ఈ దారి బాగా సరిపోతుంది.

గోడ ఎంతకాలం ఆగుతుంది

బొమ్మలు పాడవడానికి రంగుల నాణ్యత ఒక్కటే కారణం అనుకుంటారు. అసలు శత్రువు చెమ్మ. ప్రహరీ గోడలకు పైన కప్పు ఉండదు, కింద తడి ఆపే పొర చాలాచోట్ల ఉండదు. నేల తడి గోడలోకి పాకి, ఉప్పును మోసుకొచ్చి, రంగు కింద తెల్లటి పొడిగా పేరుకుంటుంది. పొక్కు లేస్తుంది, పెచ్చు ఊడుతుంది. అందుకే గోడ బొమ్మలు ఎప్పుడూ కింది రెండు మూడు అడుగుల నుంచే చెడిపోతాయి. 2023 జులై వరదల్లో హంటర్ రోడ్ వైపు కాలనీలు మునిగినట్టు నీళ్ళు నిలిచే చోట్ల ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. పాత సున్నం గోడలకు మరో ఇబ్బంది. అవి తడిని పీల్చి వదులుతూ ఉంటాయి, వాటి మీద ప్లాస్టిక్ లాంటి పెయింట్ పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది.

కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నాలుగు వారాలు ఆరనివ్వాలి. ఎక్స్‌టీరియర్ ప్రైమర్ తప్పనిసరి. పడమటి ఎండ కొట్టే గోడకు మెరిసే ఎరుపు, పసుపు రంగుల కంటే జాజు, గోపి లాంటి మట్టి రంగులు మేలు, అవి ఎండకు త్వరగా వెలవవు. కింది మూడడుగులు బొమ్మ లేకుండా ఒకే ముదురు రంగు పట్టీ వదిలేస్తే ఏటా ఆ ఒక్క పట్టీకి రంగు కొట్టుకుంటే సరిపోతుంది. ఇవన్నీ మామూలు మేస్త్రీలకు, పెయింటర్లకు తెలిసిన విషయాలే. టెండర్‌లో రాయకపోవడం వల్ల జరగవు. హృదయ్ పథకం 2019 మార్చితో, స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చితో ముగిశాయి. ఆ డబ్బుతో చేసిన పనుల నిర్వహణ బరువు ఇక స్థానిక బడ్జెట్ మీదే. ఆ బడ్జెట్‌లో గోడ బొమ్మల వంతు ఎప్పుడూ ఆఖరుదే.

ఎవరి అనుమతి, ఎవరి హక్కు

రక్షిత కట్టడం మీద మాత్రం ఏ బొమ్మా వేయకూడదు. కోట గోడలు, గుడి రాళ్ళు పురావస్తు చట్టం కిందికి వస్తాయి. వాటిని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మంచి ఉద్దేశంతో వేసినా బొమ్మ బొమ్మే. కోట లోపలి ఇళ్ళ వాళ్ళు తమ సొంత గోడకు రంగులు వేసుకునే ముందు కూడా పురావస్తు శాఖను ఒక మాట అడగడం మంచిది.

చిత్రకారుడి హక్కు గురించి ఇక్కడ చర్చే ఉండదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండానే తొలగించారు. ఆయన కోర్టుకు వెళ్ళారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చి, 5 లక్షల పరిహారం ఇవ్వమంది. పని అమ్మేసిన తర్వాత కూడా దాన్ని నాశనం చేయకుండా అడ్డుకునే హక్కు కళాకారుడికి ఉందని ఆ తీర్పు చెప్పింది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు హడావుడిగా గోడలన్నిటికీ సున్నం కొట్టించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఏ గోడ మీద ఎవరి పని ఉంది, ఎన్నేళ్ళు ఉంచాలి, తీసేటప్పుడు ఎవరికి చెప్పాలి, ఇవి ఒక కాగితం మీద ముందే రాసుకుంటే సగం గొడవలు తప్పుతాయి.

కథ ఎవరిది అన్న ప్రశ్న దీనికంటే కష్టం. పరకాలలో 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చినవారి మీద కాల్పులు జరిగాయి. ఆ ఊరికి అమరధామం ఉంది, అందరూ ఒప్పుకునే జ్ఞాపకం ఉంది. వరంగల్ వాడల్లో చాలా జ్ఞాపకాలకు ఆ ఏకాభిప్రాయం లేదు. ఒకే బజారును ఒక ఇల్లు వ్యాపారంగా, ఇంకో ఇల్లు హమాలీ పనిగా గుర్తుపెట్టుకుంటుంది. రెండూ నిజమే, రెండూ గోడ మీదికి రావాలి. ఇది తేల్చాల్సిన చోటు టెండర్ కమిటీ కాదు. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డులో యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులతో విడివిడిగా కమిటీలు ఉండాలంది. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లు ఉన్నాయి. సీనియర్ సిటిజన్ల కమిటీకి వాడ కథలు సేకరించే పని, యువతకు వాటిని బొమ్మలుగా మార్చే పని అప్పగిస్తే కొత్త వ్యవస్థ ఏదీ కట్టాల్సిన అవసరం రాదు. చదరపు అడుగు రేటు పక్కనే కథల సేకరణకు ఒక పద్దు, రెండేళ్ళకోసారి మరమ్మతుకు ఒక పద్దు పెట్టడం ఆఫీసు స్థాయిలోనే చేయగలిగిన మార్పు.

తొందర ఒక్క విషయంలోనే ఉంది. 1970ల మొదట్లో ఇరవై ఏళ్ళ వయసులో ఆజంజాహి మిల్లులో చేరినవారికి ఇప్పుడు డెబ్బై దాటింది. గోడ ఎప్పుడైనా దొరుకుతుంది, రంగులు ఎప్పుడైనా కొనవచ్చు. ఏ షెడ్డులో ఏ మిషన్ ఉండేది, గేటు ఎటువైపు తెరుచుకునేది, బిడ్డలను ఎత్తుకుని పనికి వచ్చిన ఆడవాళ్ళు ఎక్కడ కూర్చునేవారు అన్నది చెప్పగలిగేవారు మాత్రం తగ్గిపోతున్నారు. అందుకే వాడ బొమ్మల పని ఏదైనా కుంచెతో కాకుండా ఫోన్ రికార్డర్‌తో మొదలు కావాలి, అది ఈ సంవత్సరమే జరగాలి.